డిక్కీలో మేనత్త

మా ఇంట్లో కారు కొనేముందు మనుషుల్ని లెక్కపెట్టారు. నాన్న, అమ్మ, అన్నయ్య, వదిన, నేను. అయిదుగురమని తేల్చారు. ఆ లెక్క తేలుతున్నప్పుడు మా మేనత్త అదే గదిలో ఉంది. అందరికీ టీ అందిస్తోంది.

ఆవిడ మా నాన్నకి స్వయానా చెల్లెలు. మొగుడు పోయాక తెనాలిలో మరిది ఇంట్లో ఉండేది. అక్కడ ఆవిడకి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి పెరట్లో కూర్చుని తినమనేవారట. ఒకరోజు చేతిసంచీతో అమీర్‌పేటలో మా ఫ్లాటు ముందు ఆటో దిగింది. కొన్నాళ్ళుండి వెళ్తుందనుకున్నాం. వెళ్ళలేదు. వంటింటి పక్కన పాత సామాన్లు పడేసుకునే గది ఖాళీ చేసి ఆవిడకిచ్చాం. అంతకు మించి మేమేదో ఉద్ధరించామని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆవిడ పాపం అనిపించే మనిషి కూడా కాదు. నోరు మహా చెడ్డది. అమ్మ కూర రుచి చూసి, "ఇది వంకాయ కూరా వదినా, వంకాయకి తద్దినమా?" అనేది. సన్నగా ఉండే మా వదిన కొత్త చుడీదార్ వేసుకుని అద్దం ముందు నిలబడితే, "బావుందమ్మా. లోపల మనిషి కూడా ఉంటే ఇంకా బావుండేది," అనేది. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. నా మొహం మీద మొటిమలు చూసి, "పెళ్ళివారొచ్చినప్పుడు లైటు కాస్త దూరంగా వెయ్యండి," అని సలహా ఇచ్చింది. నాన్న జోలికి మాత్రం పోయేది కాదు. ఆ ఇంట్లో తాను ఉండటం, ఉండకపోవడం ఎవరి నోటిమాట మీద ఉందో ఆవిడకి బాగా తెలుసు.

అప్పట్లో అమీర్‌పేటలో గోడ కనిపించేది కాదు. అన్నీ కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో ఇరుక్కుని పడుకునే పిల్లలు ఉద్యోగం రాగానే చేసే మొదటి పని బైకు కొనడం, రెండో పని కారు కొనే రోజు గురించి మాట్లాడుకోవడం. మా అన్నయ్య మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, టీమ్ లీడ్ అయ్యాడు. ఇక కారు లేకుండా తిరగడం పరువు తక్కువని మా వదిన నిర్ణయించింది. నేను కూడా సాఫ్ట్‌వేరే, కాకపోతే టెస్టింగ్. ఎవరో చేసిన దాంట్లో తప్పులు వెతికితే నాకు జీతం ఇచ్చేవాళ్ళు. ఇంట్లో ఆ పని ఊరికే చేసేదాన్ని.

సలహాకి మా పై అంతస్తులో ఉండే ఆయన్ని పిలిచారు. ట్రావెల్స్ బళ్ళు తిప్పుతాడు. ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏ బండి సరిపోతుందో చెప్పడమంటే ఆయనకి మహా సరదా. సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ముందుగాల ఇంట్ల ఎంతమంది ఉన్నరో చెప్పుండ్రి సార్. బండి సంగతి తర్వాత," అన్నాడు.

"అయిదుగురం," అన్నాడు అన్నయ్య.

ఆయన అత్తయ్య చేతిలోంచి టీ కప్పు అందుకుంటూ తలెత్తి చూశాడు. "అమ్మ సుత ఉన్నది గదా?"

"అది ఎక్కడికీ రాదులెండి," అన్నాడు నాన్న.

అత్తయ్య ట్రే పట్టుకుని నవ్వింది. "నేనెక్కడికొస్తానండీ. గిన్నెలకి కాపలా ఎవరుంటారు?" అని లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో రేడియో గొంతు పెరిగింది. ఆవిడ పొద్దస్తమానం రేడియో అంత పెద్దగా పెట్టుకునేది కాబట్టి చెవులు కాస్త మందమని మాకు మేమే అనుకున్నాం. ఆవిడ కాదనలేదు.

"గట్లయితే ఏడు సీట్లది వద్దు," అన్నాడాయన. "వెనక లైన్ల కూసున్నోళ్ళకు మోకాళ్ళు గదువకు తాకుతయి. పొడుగు బండి, మన సెల్లార్ల తిరగదు. ఐదు సీట్లదే తీస్కోండ్రి, జర ఎత్తుంటది. వాన పడి రోడ్డు మీద నీళ్ళు నిల్సినా ఫికర్ లేదు. డిక్కీ మస్తు పెద్దగుంటది, ఎంత సామాన్ ఏసినా పడ్తది."

పంజాగుట్ట షోరూంలో టై కట్టుకున్న కుర్రాడు అదే మాట ఇంకోలా చెప్పాడు. ఇది కారూ కాదు, జీపూ కాదు, క్రాసోవర్ అన్నాడు. ఫ్యామిలీ క్రాసోవర్. ఆ మాట అన్నయ్యకి ఎంత నచ్చిందంటే బండి ఇంటికొచ్చేదాకా పాలవాడితో కూడా క్రాసోవర్ అనే అన్నాడు. అందరూ మైలేజీ అడిగారు, రంగు అడిగారు, ఏసీ చల్లదనం అడిగారు. ఇవాళ ఎవరైనా కుటుంబం కోసం అలాంటి బండి కొంటామని నన్ను సలహా అడిగితే ఒకటే చెబుతాను. మైలేజీ తర్వాత చూసుకోవచ్చు. వెనక సీటుకీ డిక్కీకీ మధ్య అడ్డం ఉందో లేదో ముందు చూసుకోండి. మా బండికి లేదు. సీటు వెనక ఒక అట్టలాంటి మూత ఉంటుంది, అది తీసేస్తే డిక్కీలో ఉన్నదీ సీట్లో ఉన్నదీ ఒకే గాలి పీలుస్తాయి.

మొదటి పూజ బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర చేయించాలనుకున్నారు. అత్తయ్య పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది. గిన్నె డిక్కీలో పెట్టి మూత వేయబోతే, కొత్త కార్పెట్ మీద ఒలికిపోతుందేమోనని అన్నయ్యకి భయం పట్టుకుంది. పట్టుకుని కూర్చునే మనిషి కావాలి. అందరూ అత్తయ్య వైపు చూశారు. వదిన చకచకా ఆ అట్టమూత తీసేసి, పాత బొంత మడిచి పరిచింది. "మీకు కాళ్ళు చాపుకోవడానికి కూడా వీలుగా ఉంటుంది," అంది. అత్తయ్య చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఒక మోకాలు పెట్టి, డిక్కీలోకి ఎక్కింది. పులిహోర గిన్నె కోసం మా మేనత్త మొదటిసారి మా కారెక్కింది.

అప్పటినుంచి అదే ఆవిడ చోటు. కూరగాయలు ఏరడానికి, సంచులు మోయడానికి, బజార్లో బేరమాడి గొంతు చించుకోవడానికి ఆవిడ కావాలి. ముందూ వెనకా సీట్లు నిండినా, నిండకపోయినా ఆవిడ డిక్కీలోనే కూర్చునేది. మొదట్లో నిండి ఉన్నాయని, తర్వాత అలవాటయిందని. డిక్కీ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. మేమంతా దిగాక ఎవరికో ఒకరికి గుర్తొచ్చేదాకా ఆవిడ లోపలే ఉండాలి. ఒకసారి పంజాగుట్టలో చీరల షాపులోకి అందరం వెళ్ళిపోయాం. మొదటి చీర విప్పి చూపించాక అమ్మ నాలుక కరుచుకుంది. నేను వెళ్ళి తలుపు తీశాను. అత్తయ్య చెమటతో ముద్దయి ఉంది. నన్ను దాటుకుని షాపులోకి నడిచి, అమ్మ చేతిలో చీర చూసి, "ఆ రంగు నీకొద్దు వదినా, వయసు బయటపడుతుంది," అంది. అమ్మ ఆ చీర కొనలేదు.

డిక్కీలో కూర్చున్నా ఆవిడ నోరు ఊరుకునేది కాదు. మేం కాస్త గట్టిగా అన్న ప్రతి మాటకీ వెనకనుంచి ఒక ముక్క తగిలించేది. వదిన భరించలేకపోయింది. అన్నయ్య ఒక ఉపాయం చేశాడు. పంజాగుట్టలో కారు సామాన్లు అమ్మే షాపులో రెండు డబ్బా స్పీకర్లు కొని, డిక్కీలో అత్తయ్యకి అటొకటి ఇటొకటి పెట్టించాడు. రేడియో పెట్టి, మోత ఎక్కువ భాగం వెనక్కి పోయేలా తిప్పేవాడు. ముందు స్పీకర్లలో పాట మామూలుగా వినిపించేది. డిక్కీలో మాత్రం పెళ్ళి ఊరేగింపు.

"అత్తయ్యకి పాటలంటే ఇష్టం కదా," అన్నాడు. అందరం నవ్వాం.

ఆ మోత అండ చూసుకుని కారులో మాటలు స్వేచ్ఛగా సాగాయి. చెవులు ఎంత మందమైనా, ఫ్లాటులో మాట్లాడుకుంటే ఏదో ఒక ముక్క ఆవిడ చెవిన పడుతుందని భయం. కారులో ఆ భయం లేదు. ఏం మాట్లాడుకునేవాళ్ళం అంటే, ఆవిడని తెనాలి తిరిగి పంపించడం గురించి. అన్నయ్యకి రాత్రిళ్ళు ఆఫీసు కాల్స్ ఉండేవి, కంప్యూటర్ పెట్టుకోవడానికి ఒక గది కావాలి. ఉన్న గది ఆవిడ దగ్గరుంది. అమ్మకి తన వంటిల్లు తనకి కావాలి. ఒప్పుకోవాల్సింది నాన్న. ఆయనకి చెల్లెలి మీద ప్రేమ పొంగిపొర్లి కాదు, తెనాలి వాళ్ళ పెరట్లో ఆవిడ తిన్న అన్నం సంగతి తెలుసు కాబట్టి వెనకాడేవాడు.

"వాళ్ళు మారుంటారండీ," అనేది అమ్మ.

"పెరట్లో తింటే మాత్రం ఏమైంది మామయ్యగారూ, గాలి బాగా వస్తుంది," అనేది వదిన.

ప్రతి ఆదివారం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా, ఫ్లైఓవర్ పనులతో ఇరుక్కుపోయిన ట్రాఫిక్‌లో, నాన్నని కొంచెం కొంచెంగా కరిగించేవాళ్ళు. వెనక డిక్కీలో ఆవిడ కొంగు తల మీద కప్పుకుని, కళ్ళు మూసుకుని, నోరు కాస్త తెరిచి కూర్చుని ఉండేది. నిద్రపోయిందిలే అనుకునేవాళ్ళం.

రేడియో జబ్బు అప్పుడే మొదలైంది. బయల్దేరినప్పుడు బాగానే మోగే వెనక స్పీకర్లు దారిలో ఎక్కడో ఆగిపోయేవి. ముందువి మామూలుగా పాడుతూనే ఉండేవి కాబట్టి చాలాసేపటిదాకా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. వదినో, నేనో గమనించి చెబితే అన్నయ్య బటన్లన్నీ నొక్కేవాడు. ఏం లాభం ఉండేది కాదు. ఆవిడ నిద్రలోనే ఉందిలే అని మాటలు మాత్రం ఆపేవాళ్ళం కాదు. సెల్లార్‌లోకి వచ్చి బండి ఆపేసరికి మళ్ళీ మోత.

షాపు అతను మొదటిసారి స్పీకర్ల మీద తప్పు వేశాడు. "గీ స్పీకర్లల్ల దమ్ము లేదన్నా. పెద్దయి ఏసుకోండ్రి." పెద్దవి వేశాం. రెండోసారి యాంటెన్నా వీక్ అన్నాడు. యాంటెన్నా చెడితే ముందు స్పీకర్లు కూడా మూగబోవాలి కదా అని అడిగేంత తెలివి మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది, ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్ళున్నాం పేరుకి. యాంటెన్నా మార్చాం. తర్వాత రేడియో సెట్టే మార్చమన్నాడు. దానికి అన్నయ్య అతని మీద అరిచాడు. అతను బండి తీసుకుని సోమాజిగూడ దాకా వెళ్ళొచ్చాడు, ఎక్కడా ఆగలేదు.

"నా దగ్గర మంచిగనే మోగుతుందన్నా," అన్నాడు తాళాలు చేతిలో పెడుతూ. "మీరు తీస్కపోయినంకనే బంద్ అయితుంది. నా మాటిని జర దిష్టి తీయించుండ్రి."

అతను వదిలించుకోవడానికి అన్న మాట. మా నాన్న మాత్రం దాన్ని ఇంటిదాకా మోసుకొచ్చాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర లెక్క వేశారు. అన్నయ్య ఆఫీసుకి వెళ్ళినప్పుడు స్పీకర్లు ఆగవు. షాపు అతను తిప్పినప్పుడు ఆగలేదు. అత్తయ్య కారులో ఉన్నప్పుడే ఆగుతున్నాయి. కంప్యూటర్ల వీధిలో ఉంటూ, కారు మీద అప్పు కంటే ఎక్కువ డిగ్రీలున్న మా కుటుంబం అక్కడ ఆగి ఆలోచించి తేల్చిన సంగతి ఏమిటంటే, మొగుడు పోయిన మనిషిని కొత్త బండి ఎక్కించకూడదు.

"యంత్రాలకి కూడా తెలుస్తుంది," అంది అమ్మ.

అత్తయ్య అప్పుడు మజ్జిగ పోస్తోంది. ఆ మాట ఆవిడ ముందే, కాస్త గొంతు తగ్గించి అన్నారు, చెవులు మందం కదా. మర్నాడు సెల్లార్‌లో గుమ్మడికాయ కొట్టారు, ముక్కలు ఊడవాల్సి వచ్చిందని వాచ్‌మన్ భార్య తిట్టింది. బంపర్‌కి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు. అయినా స్పీకర్లు ఆగుతూనే ఉన్నాయి. దాంతో నాన్న మనసు గట్టిపడింది. పెరట్లో అన్నం గుర్తొచ్చి వెనకాడిన మనిషి, రెండు డబ్బా స్పీకర్లు ఆగాయని తెనాలికి ఫోన్ చేయడానికి ఒప్పుకున్నాడు.

నాకు మాత్రం ఆ లెక్క నచ్చలేదు. జాలితో కాదు, ఉద్యోగం అలాంటిది. ఒక మనిషి ఉన్నప్పుడే ఒక తప్పు జరుగుతోందంటే ఆ మనిషి చేతులు ఎక్కడున్నాయో ముందు చూడాలి. ఆ ఆదివారం వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని, జడ సవరించుకుంటున్నట్టు కొంచెం పక్కకి తిరిగాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బండి ఆగింది. అమ్మ, "తెనాలి వాళ్ళేమన్నారు?" అని మొదలుపెట్టింది. అత్తయ్య కళ్ళు మూసుకునే ఉంది. కొంగు కింద కుడిచెయ్యి మాత్రం కదిలింది. ఒక డబ్బా వెనక వైరు పట్టుకుని మెల్లగా లాగింది. ఆ పిన్ను లాగితే వస్తుంది, నొక్కితే అతుక్కుంటుంది, అంతే. తర్వాత ఎడమచెయ్యి రెండో డబ్బా వెనక్కి వెళ్ళింది. డిక్కీలో ఊరేగింపు ఆగిపోయింది. ఆవిడ మొహం కాస్త ముందుకి వంచి, మా సీటుకి ఆనించి పెట్టుకుంది.

చెవులు మందం కాదు ఆవిడకి. మా అందరికంటే బాగా వినపడేది.

కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు, భయపడలేదు, బతిమాలినట్టు కూడా చూడలేదు. నేను ఏం చేస్తానో చూద్దామన్నట్టు చూసింది. నేను ముందుకి తిరిగి, "అవును, తెనాలి వాళ్ళేమన్నారు నాన్నా?" అన్నాను.

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆ ఇంట్లో నాకు అంతకు మించిన కాలక్షేపం ఏముంది గనక. ఆ తర్వాత ప్రతి ప్రయాణంలో నేనే ఏదో ఒకటి కదిపేదాన్ని. గది ఎప్పుడు ఖాళీ అవుతుంది వదినా, అనేదాన్ని. ఆవిడ మంచం ఎవరికిచ్చేస్తావమ్మా, అనేదాన్ని. వాళ్ళు హాయిగా, నోరారా చెప్పేవాళ్ళు. వెనక ఆవిడ అక్షరం పోకుండా వినేది. ఎవరి మొహం ఎలా మారుతుందో చూడాల్సిన రోజొకటి వస్తుందని నాకు తెలుసు, ఆ రోజు ఇంట్లో ఉండాలని సెలవులు దాచుకున్నాను కూడా.

నేను వినని మాటలు కూడా ఆవిడ విందని మాత్రం నాకు తెలియదు. వారం మధ్యలో అన్నయ్యా వదినా సరుకులకి పంజాగుట్ట వెళ్ళేటప్పుడు సంచులు మోయడానికి ఆవిడని తీసుకెళ్ళేవాళ్ళు. ముందు సీట్లలో వాళ్ళిద్దరే. వెనక సీటు ఖాళీ. ఆవిడ డిక్కీలో.

తెనాలికి టికెట్ తీసుకున్న ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. అత్తయ్య వడ్డిస్తోంది. నాన్న కంచంలోకి చూస్తూ అన్నాడు.

"మీ మరిది ఫోన్ చేశాడమ్మా. ఒకసారి వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళమంటున్నాడు."

"ఆయన చేశాడా అన్నయ్యా, నువ్వు చేశావా?" అంది అత్తయ్య, పప్పు గరిటె ఆపకుండా.

నాన్న కంచంలో అన్నం కెలికాడు.

"సంచీ పొద్దున్నే సర్దుకున్నాను. సాయంత్రం బస్సని తెలుసు. కొన్నాళ్ళు కాదనీ తెలుసు. వాళ్ళ పెరట్లో గాలి బాగా వస్తుందట కదా, మీ కోడలు చెప్పింది." వదిన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "నేను వెళ్తాను. అక్కడ అన్నం కుక్కకి పెట్టినట్టు పెడతారు, అయినా వెళ్తాను. నువ్వు పొమ్మంటే పోక చస్తానా. కాకపోతే ఇంకో సంగతి కూడా చెప్పి వెళ్తాను, నీకు వేరే ఎవరూ చెప్పరు. మీ అబ్బాయి మాదాపూర్ అవతల ఫ్లాట్ చూసుకున్నాడు. అడ్వాన్సు ఇచ్చేశాడు. దసరా వెళ్ళాక మారతారు. మీ కోడలి అమ్మా నాన్నా వచ్చి వాళ్ళ దగ్గర ఉంటారట. మీ ఇద్దరూ ఇక్కడే."

"ఏం మాట్లాడుతున్నావు అత్తయ్యా? ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు అన్నయ్య.

"నువ్వే చెప్పావురా. మొన్న బుధవారం, సూపర్ మార్కెట్ ముందు పార్కింగ్ దొరక్క తిరుగుతున్నప్పుడు. నాన్నకి ఎలా చెప్పాలి అని నువ్వంటే, ఈ అమ్మాయి ఏమందో చెప్పనా?" అత్తయ్య గొంతు మారింది. అచ్చం మా వదిన గొంతు, ఆ సాగదీయడంతో సహా. "'ముసలాళ్ళకి అమీర్‌పేటే అలవాటు. కదిలిస్తే బెంగపెట్టుకుంటారు. మనం ఆదివారం వచ్చి కనపడి పోదాం. ముందు ఆ విధవని పంపించేయనీ, తర్వాత ఒక్కొక్కటీ చెప్దాం.'"

వదిన అబద్ధం అంది. కానీ ఆ గొంతు విన్నాక అది అబద్ధం అని నమ్మడం ఆమెకే చేతకాలేదు, ఏడుపు ముందుకొచ్చేసింది. అన్నయ్య, "కారులో అంత మోతలో నీకెలా వినపడింది?" అన్నాడు. తెలివిగా అడిగాననుకున్నాడు. ఆ ప్రశ్నతో అంతా ఒప్పుకున్నట్టయింది.

"వైరు పీకి," అంది అత్తయ్య. "ఇన్నాళ్ళూ మీరు గుమ్మడికాయలు కొట్టింది దానికే."

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. ఎవరూ నా వైపు చూడలేదు, అందరూ నాన్ననే చూస్తున్నారు. ఆయన కొడుకుని తిడతాడని అనుకున్నాను. తిట్టలేదు. ఎంగిలిచెయ్యి కంచంలోనే ఉంచి, కొడుకు మొహం కొత్తగా చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"ఇంకా ఏమన్నారు?" అన్నాడు.

అత్తయ్య ఒక్క క్షణం అమ్మ వైపు చూసింది. అమ్మ మొహం పాలిపోయింది. కారులో అమ్మ కూడా తక్కువ మాట్లాడలేదు. అత్తయ్య ఆ చూపుని అక్కడే కాసేపు ఉంచి, "తర్వాత చెబుతాలే అన్నయ్యా, ముందు అన్నం తిను," అంది. సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది. టికెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. సంచీ మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళింది.

మర్నాటినుంచి అమ్మ మొదటి కాఫీ ఆవిడకే ఇచ్చింది. కాఫీ నీళ్ళలా ఉందని ఆవిడ తిప్పి పంపేది, అమ్మ మళ్ళీ కలిపేది. అన్నయ్యవాళ్ళు దసరా దాకా ఆగలేదు, శ్రావణంలోనే వెళ్ళిపోయారు. బండి కూడా వాళ్ళతోనే పోయింది. ఆదివారం వచ్చి కనపడి పోతామన్న మాట మాత్రం ఎక్కువ రోజులు నిలబెట్టుకోలేదు. వచ్చి కూర్చున్నా ఏం మాట్లాడతారు? నోరు తెరిస్తే అత్తయ్య వింటుంది.

నాన్నకి ఒక అలవాటు పట్టుకుంది. సాయంత్రం అయ్యేసరికి బాల్కనీలో కుర్చీ వేసుకుని చెల్లెల్ని పిలిచేవాడు. ఆ కారులో విన్నవన్నీ ఒక్కొక్కటే చెప్పించుకునేవాడు. కొడుకు ఏమన్నాడు, కోడలు ఏమంది, పెళ్ళాం ఏమంది. విని విని ఆయన మొహం ఎండిపోయింది. అయినా మానలేదు. ఆవిడ తెలివైంది, రోజుకి కాస్తే చెప్పేది. ఆ చెప్పడం ఉన్నన్నాళ్ళూ ఆ గది తనదని ఆవిడకి తెలుసు. అన్నయ్య నుంచి ఫోన్ వస్తే నాన్న తీసేవాడు కాదు. అమ్మతో మాటలు తగ్గిపోయాయి. అమ్మ ఒకరోజు నా దగ్గర కళ్ళు తుడుచుకుంటూ, "ఆవిడ నన్ను గురించి ఏం చెప్పిందో కూడా ఆయన చెప్పరే. ఏమని సర్దిచెప్పుకోను?" అంది. నాకు జాలి వేసింది. అమ్మ కారులో అన్న మాటలు నేనూ విన్నాను కాబట్టి ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు.

నాకు పెళ్ళయి కూకట్‌పల్లి వెళ్ళాను. లైటు దూరంగా ఏమీ వెయ్యలేదు. మా ఆయనది చిన్న కారు, అందులో రేడియో పాడుతుంది, ఎప్పుడూ ఆగదు. అత్తయ్యని పంజాగుట్టలో కళ్ళ డాక్టరుకి చూపించాల్సి వస్తే ఒకరోజు మేమే తీసుకెళ్ళాం. వెనక సీట్లో నిటారుగా కూర్చుంది. దారి పొడుగునా నేను నోరు విప్పలేదు. మా ఆయన ఏదో ఆఫీసు సంగతి చెబితే ఊఁ కొట్టాను, అంతే. ఆవిడ వినికిడి సంగతి అందరికంటే ముందు తెలిసినదాన్ని నేనే కదా, ఆ జాగ్రత్త నాకుంది.

తీసుకొచ్చి ఇంట్లో దింపాం. మా ఆయన కిందనుంచే వెళ్ళిపోయాడు. నేను పైకి వెళ్ళాను. నాన్న అప్పటికే బాల్కనీలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు, మోకాళ్ళ మీద దుప్పటి వేసుకుని ఉన్నాడు.

"ఏమన్నారు?" అని అడిగాడు చెల్లెల్ని. డాక్టరు ఏమన్నాడని అడగడం కాదు అది.

అత్తయ్య చెప్పులు విప్పుకుంటోంది. అన్నయ్య కారులో విన్నవన్నీ ఏనాడో అయిపోయాయి. కొన్నాళ్ళుగా ఆవిడ కొత్తవి చెబుతోందని అమ్మ అంటూనే ఉంది. నాన్న వినడు. మొదటిసారి ఆవిడ చెప్పిందంతా అక్షరాలా నిజమైంది, ఇక ఆవిడ నోట అబద్ధం రాదని ఆయన నమ్మకం.

"ఏమంటారు, వాళ్ళ గొడవలు వాళ్ళవి," అంది ఆవిడ నిదానంగా. నా మొహంలోకి సూటిగా చూసింది, ఆ రోజు సిగ్నల్ దగ్గర చూసినట్టే. "'నాన్న మంచాన పడితే నేను మాత్రం చెయ్యను, అన్నయ్యే చూసుకోవాలి' అంటోంది నీ కూతురు, అల్లుడితో. అందులో తప్పేముందిలే, ఎవరి సంసారం వాళ్ళది."

నేను అనలేదు. మా కారులో ఆ రోజు నేను ఏమీ అనలేదు.

నాన్న నా వైపు తిరిగాడు. "అన్నావా అమ్మా?" అన్నాడు. కోపం లేదు గొంతులో. లేదని చెబుతానని ఆశ మాత్రం ఉంది.

ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట్లోకి రావడానికి కాస్త ఆలస్యమైంది. ఆయన మంచాన పడి ఉన్నట్టు, నేను సంచీ భుజాన వేసుకుని ఆఫీసుకి పరిగెడుతున్నట్టు, అన్నయ్యకి ఫోన్ చేస్తున్నట్టు అంతా ఆ కాస్తలోనే కళ్ళముందు కనపడింది.

"లేదు నాన్నా," అన్నాను.

అప్పటికే ఆయన కుర్చీ చెల్లెలి వైపు జరుపుకున్నాడు.